నా జడ ఇంకెవరికో ఇచ్చావ్

మేడ మీది గది. పదో తరగతి అమ్మాయిలిద్దరు ఒకే మంచం మీద కూర్చున్నారు. ఫోను ఒకరి చేతిలోనే ఉంది.

“మళ్ళీ పెట్టు.”

“ఎన్నిసార్లు చూస్తావే పొట్టీ?”

“పెట్టమన్నానా? ఆ... ఇక్కడ ఆపు. ఏమంటోంది ఆ పిల్ల?”

“వినబడుతోందిగా.”

“నువ్వు చెప్పు.”

“‘దీని జుట్టుకి బబుల్‌గమ్ అంటుకుంటే, నా జడ కూడా కత్తిరించేసుకున్నాను’ అంటోంది. చాలా?”

“ఎవరి జడ?”

“అబ్బా...”

“ఎవరి జడే?”

“నీ జడే. నీదే తల్లీ. యాడ్ కదా, యాక్టింగ్ కదా! ఆ అమ్మాయి పేరు కూడా నాకు సరిగ్గా గుర్తులేదు.”

“పేరు గుర్తులేదు గానీ, మెడ చుట్టూ చెయ్యేసింది.”

“వెయ్యమన్నారు, వేసింది.”

“నువ్వు తల వాల్చావు.”

“వాల్చమన్నారు.”

“మరి ఆ కన్నీళ్ళు?”

“అవి... గ్లిసరిన్.”

“నా కోసం నువ్వు గ్లిసరిన్‌తో కూడా ఎప్పుడూ ఏడవలేదు.”

“అది కాదే...”

“మూడో తరగతిలో, క్రాఫ్టు క్లాసు కత్తెర. అదీ మొండిది. బాత్రూంలో నిలబడి పరపరా కోసుకున్నాను. మా అమ్మ వీపు విమానం మోత మోగించింది. క్లాసంతా మనల్ని ఈకలు పీకిన కోళ్ళన్నారు. అదంతా చెప్పావా వాళ్ళకి?”

“చెప్పాను. నిజంగా జరిగిందే కావాలన్నారు. నిజమైతేనే మన వయసు వాళ్ళు కొంటారట.”

“కోళ్ళు తీసేశారుగా.”

“షాంపూ యాడ్‌లో కోళ్ళెందుకే?”

“నవ్వకు. ఒళ్ళు మండిపోతోంది నాకు.”

“ఒసేయ్ పొట్టీ! కిందికి రండే, టీ చల్లారిపోతోంది!”

“వస్తున్నాం అమ్మా!”

“అమ్మాయ్, నీ యాడ్ చూశాను! భలే ఉన్నావమ్మా. నీ పక్కనున్న పిల్లెవరు? నీ కోసం జడ కోసుకుందటగా. ఎంత మంచి పిల్లో! ఇలాంటి స్నేహితులు ఎంతమందికి దొరుకుతారు?”

“హిహి... థాంక్సండీ ఆంటీ.”

“విన్నావా? మా అమ్మ! నన్ను చావగొట్టిన మా అమ్మ!”

“మర్చిపోయి ఉంటారు.”

“అందరూ మర్చిపోయారు. మొన్న బళ్ళో ఆ జడ నాదేనన్నాను. ‘యాడ్ చూసి కథలు చెబుతోంది’ అన్నారు. పగలబడి నవ్వారు.”

“ఎవరు? ఎవరన్నారు?”

“చెబితే ఏం చేస్తావు, వీడియో పెడతావా? కామెంట్లు చూశావుగా. ‘నాకూ ఇలాంటి ఫ్రెండుంటే బాగుండును’ అని. చదువుతుంటే నాకూ అలాగే అనిపించిందే! ఇలాంటి ఫ్రెండు నాకూ ఉంటే బాగుండునని. కాసేపటికి గానీ తట్టలేదు, అది నేనేనని.”

“సారీనే.”

“కొన్నాను కూడా.”

“ఏంటి కొన్నావ్?”

“షాంపూ. నీ డిస్కౌంట్ కోడ్ కొట్టి మరీ. రెండు సీసాలు.”

“పిచ్చిదానా! అడిగితే నేనిచ్చేదాన్నిగా. మా ఇంట్లో పెట్టెడు పడున్నాయి.”

“నిన్నెందుకడగాలి? ఆ పిల్ల జుట్టులా అవుతుందేమోనని రోజూ రుద్దుతున్నాను. అయ్యిందా? చూడు. పట్టుకుని చూడు.”

“నీ జుట్టు నీకు బాగుంటుంది.”

“అందుకేగా వాళ్ళకి నచ్చలేదు.”

“ఎవరన్నారు నచ్చలేదని?”

“ఎవరూ అనక్కర్లేదు. మా ఇంట్లో అద్దం లేదా? కుళ్ళుకుంటున్నానే. ముక్కూ మొహం తెలియని పిల్లని చూసి కుళ్ళి చస్తున్నాను. అన్నం కూడా సహించడం లేదు. ఒక్కటే చెప్పు. నా గురించి వాళ్ళని అడిగావా?”

“ఇప్పుడవన్నీ ఎందుకు?”

“అడిగావా, లేదా?”

“పద, మీ అమ్మ మళ్ళీ కేకేస్తారు. టీ...”

“టీ గంగలో కలవనీ. ఫోను పక్కన పెట్టు. నా వైపు చూడు. వాళ్ళు వద్దన్నారని చెప్పినా ఏడవను, ఒట్టు. నా ఫ్రెండు అడిగింది, వాళ్ళే వద్దన్నారు అనుకుంటాను. హాయిగా పడుకుంటాను. అంతే కావాలి నాకు.”

“వద్దనలేదు.”

“ఏంటీ?”

“వాళ్ళు నిన్ను వద్దనలేదే.”

“అయితే నువ్వు అడగనేలేదు. అంతేగా? అనుకున్నాను. నేను పక్కనుంటే నీకు నామోషీ.”

“నామోషీ కాదు!”

“మరేంటి?”

“మీ ఇంట్లో ఒప్పుకోరని చెప్పాను.”

“ఎవరికి?”

“వాళ్ళకే. కంపెనీ వాళ్ళకి.”

“నువ్వు అడక్కపోతే, మా ఇంటి సంగతి వాళ్ళకెందుకొచ్చింది?”

“ఏమో...”

“ఏమో ఏంటి? చెప్పు. ఎందుకొచ్చింది?”

“వాళ్ళు మొదట మెసేజ్ పెట్టింది నా కోసం కాదే పొట్టీ. నా వీడియోలో నిన్ను చూసి, నీ నంబరు కోసం.”