నోటితో వేసిన ఓటు

వెనకటి రోజుల్లో అమెరికాలోని కెంటకీలో శాసనసభ ఎన్నికలకు అది మూడోదీ ఆఖరిదీ అయిన రోజు. లాయరు హాకడేకీ టర్లీకీ ఓట్లు సమానంగా పడ్డాయి, మిగిలింది ఒక్క ఓటరు. ఓటంటే అక్కడ కోర్టు హాల్లో జనం మధ్య నిలబడి గట్టిగా పేరు చెప్పడమే. ఆ పేరుగల అభ్యర్థి లేచి ఓటరుతో చెయ్యి కలపాలి. లాయరు కోర్టు మెట్ల మీదే ఆ చివరి ఓటరుని ఆపాడు.

"సమయానికి వచ్చావయ్యా. నా పేరు గట్టిగా చెప్పు."

"చెప్పకపోతే?"

"నిరుడు ఉరితాడు నీ మెడ దాకా వచ్చింది. తప్పించిందెవరో మర్చిపోయావా?"

"ఎలా మర్చిపోతాను లాయరుగారూ? గుర్రాన్ని దొంగిలించింది నేనేనని మీకు ముందే చెప్పాను. మీరు ఆ నేరం పక్క పొలం అబ్నర్ మీదికి తోసేశారు."

"నిన్ను కాపాడటం నా పని."

"అతన్ని ఉరి తీశారండీ."

"అప్పుడు నువ్వూ నోరు మూసుకునే ఉన్నావుగా!"

"ఉన్నాను. అప్పట్నుంచీ నిద్ర లేదు."

లోపల గుమాస్తా కలం సిరాలో ముంచాడు. "నీ ఓటెవరికి?"

బల్ల పక్కన కూర్చున్న లాయరు అలవాటుగా చెయ్యి చాచి సగం లేచాడు.

"టర్లీకి! ఎందుకో కూడా రాసుకోండి. అబ్నర్ తప్పేమీ లేదని లాయరుగారికి ముందే తెలుసు. ఆ గుర్రం దొంగని నేనే."