పక్కింటి వైఫై

పొద్దున, తమ్ముడి గదిలో. అక్క ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. తమ్ముడు ఒక సోషల్ మీడియా యాప్ తయారుచేసిన నలుగురిలో ఒకడు.

"ఆ కంప్యూటర్ మూసి నా మొహం చూసి మాట్లాడు. నేనెవరో బయటపడదన్నావా, లేదా?"

"నీ పేరు బయటపడలేదు కదక్కా."

"మరి నాతోపాటు లాండ్రీలో చేసే పక్కింటి వదిన ఉద్యోగం ఎందుకు పోయింది? దుప్పట్లు వేడినీళ్ళు చూడకుండానే రోగుల మంచాలెక్కుతున్నాయని నీ యాప్‌లో రాసింది నేను. వీధిన పడింది ఆవిడ!"

"ఆ రోజు నువ్వు వాడింది ఆవిడ ఇంటి వైఫై..."

"మాది పనిచెయ్యలేదు, వాడాను. అయితే?"

"రాసిందెవరో పట్టుకోవడానికి మీ మేనేజరు రోగి బంధువునంటూ నీకో ఫోటో పంపాడు. తెరిచావు కదా? అది అతని సొంత సర్వర్‌లో ఉంది. నీ ఫోను నేరుగా అక్కడికే వెళ్ళి తెచ్చుకుంది. ఏ ఇంటి కనెక్షనో అక్కడ నమోదైపోయింది. వదిన ఆసుపత్రి సైట్‌లో సెలవు అడిగేదీ ఆ కనెక్షన్ మీదే, రెండూ సరిపోల్చుకున్నాడు."

"ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేని యాప్, ఎవరి కంటా పడరు అని ఊదరగొట్టావు కదరా!"

"కనెక్షన్ ఎవరిదో దాచే ఏర్పాటు ఉందక్కా. సెట్టింగ్స్‌లో, బాగా కింద... ఆన్ చేసుకోవాలి."

"ఆన్ చేసే ఇవ్వడానికేం?"

"ఫోటోలు ఆలస్యంగా వస్తాయి. జనం విసుక్కుంటారని..."

"విసుక్కుంటారని! తలుపు బిగించకుండా ఇల్లిచ్చి, అటక మీదుంది దించుకోండి అంటావా? రోజంతా ఇస్త్రీ చేసి వచ్చి నీ సెట్టింగులు తవ్వుకోవాలా నేను?"

"మావాళ్ళు ముగ్గురూ వద్దన్నారు."

"నువ్వు?"

"అదీ... అప్పటికి..."

"నువ్వేమన్నావురా?"

"నేనూ వద్దనే అన్నాను."

"ఛీ! దేవుడి ముందు నిలబడితే చేతులు జోడించబుద్ధి కాలేదు నాకివాళ. ఏమని మొక్కను?"

"రాసింది నేనేనని నువ్వెళ్ళి చెప్పొచ్చు కదా?"

"నా మీదకి తిప్పకు! ముందు ఆ దాచేదేదో అందరికీ ఆన్ చెయ్యి."

"చేస్తాను. ఇవాళే చేస్తాను."

"వదినతో నేను మాట్లాడతాను. నాకేం తెలియదని మేనేజరు దగ్గర గట్టిగా అనమంటాను. అబద్ధం కూడా కాదు, ఆవిడకి నిజంగానే ఏమీ తెలియదు."

"అనదక్కా."

"నీకెలా తెలుసు?"

"నిన్న నాకు ఫోన్ చేసింది."

"తిట్టిందా?"

"లేదు. మేనేజరు అడగ్గానే తనే రాశానని ఒప్పేసుకుందట. మీ అక్క పేరు ఇంకెక్కడా బయటపడదు కదా బాబూ, అని అడిగింది."