రెక్క కింద ట్యాంకు

ఇలా దగ్గరికి జరగండర్రా, వెనకవాళ్ళకి వినబడదు. ఎవరి గురించీ? మా మేనత్త గురించి. పోయి చాలా కాలమైందిలే. విమానం రెక్క కింద అదనంగా ఇంధనం ట్యాంకు వేలాడదీస్తారు, చూశారా? అది ఖాళీ అయ్యాక గాల్లోనే వదిలేస్తారు. వదిలినప్పుడు గాలి దాన్ని కిందికి తోస్తుందా, ఎత్తి రెక్కకేసి కొడుతుందా? అది ముందే తేల్చడం అత్త పని. పెద్ద ఫ్యాను పెట్టిన సొరంగంలో బుల్లి విమానం, బుల్లి ట్యాంకు. ట్యాంకుని రెక్కకి పట్టి ఉంచేది దాని లోపలి సన్నటి కడ్డీ ఒక్కటే. గాలి తోసిన కొద్దీ అది వంగుతుంది, దానికంటించిన తీగలు ఆ వంపును అంకెలుగా చూపిస్తాయి. అత్తకేమో శుభ్రం పిచ్చి. వంటింట్లో డబ్బాలు కూడా కవాతుకి నిలబడ్డట్టుండేవి! సొరంగంలో తీగలు గాలికి రెపరెపలాడుతుంటే చూడలేక, ట్యాంకు నుంచి రెక్కదాకా టేపుతో బిగించి అంటించేసింది. అంకెలు ముచ్చటగా, తక్కువగా వచ్చాయి. "భయం లేదు, వదలొచ్చు" అని చెప్పేసింది.

వదలబోయేదెవరనుకున్నారు? అత్త తమ్ముడే, మా బాబాయి, విమానం నడిపేది ఆయనే. ఆ పూట ఆయన పైకి లేచాక, అత్త సొరంగంలో బొమ్మ విమానాన్ని విప్పుతూ టేపు పీకింది. ఫ్యాను ఆగే ఉంది. అంకె మాత్రం గబుక్కున కదిలింది! అంటే, గాలి తోపులో కొంత టేపే మోసింది, కడ్డీదాకా రానేలేదు. ఫోనందుకుంది. "ట్యాంకు వదలొద్దని చెప్పండి!" అవతల విమానాలతో రేడియోలో మాట్లాడే టవరాయన నిదానస్తుడు, "వదలొచ్చన్నది మీరే కదమ్మా?" అని సాగదీశాడు. "నేనే. తప్పు చెప్పాను. ముందు చెప్పవయ్యా బాబూ!" ఫోను అలాగే పట్టుకుని నిలబడింది. అవతల ఒకటే గరగర, మాట లేదు.

దిగాడు బాబాయి, ట్యాంకుతోనే దిగాడు. రుసరుసలాడుతూ అత్త దగ్గరికి వచ్చాడు. "చిన్నప్పుడు సైకిలెక్కనివ్వలేదు, ఇప్పుడిదా అక్కా? అందరి ముందూ నా పరువు తీశావు!" అత్త బొమ్మని మళ్ళీ బిగించి, తీగలు వదులుగా కట్టి, ఫ్యాను వేసి, "చూడు" అంది. ట్యాంకు ముక్కు రెక్క వైపు ఎగదన్నే తోపు, అంతకు ముందు చెప్పినదానికి రెట్టింపు. బాబాయి నవ్వబోయాడు, రాలేదు. "అక్కా, వాళ్ళు పిలిచేసరికి నా వేలు ట్యాంకు వదిలే మీట మీదే ఉంది" అన్నాడు.

అత్త ఏమందా? ... చాల్లే, లేవండి. ఇళ్ళకెళ్ళి భోజనాలు చెయ్యండి, అమ్మలు ఎదురుచూస్తుంటారు.