రెండూ మాస్టర్లే

"ముందు ఆ కంప్యూటర్ మీంచి చెయ్యి తియ్యండి రామచంద్రం గారూ, దాన్ని ఎవరూ ఎత్తుకుపోరు," అన్నాడు బుల్లిబాబు. చందానగర్‌లో సక్కుబాయి చాయ్ బండి ముందు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

రామచంద్రం చెయ్యి తియ్యలేదు. మార్కెట్ వెనక ఆయనకి డీటీపీ షాపుంది. కంప్యూటర్లో డిస్కు నిండిపోయిందని రెండోది కొన్నాడు, దాన్ని పాతదాని పక్కన బిగించాలి. కానీ మూడేళ్ళుగా టైపు చేసిన పదో తరగతి ప్రశ్నపత్రాలన్నీ పాత డిస్కులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. సోమవారం నుంచి నాలుగు ట్యుటోరియళ్ళలో పరీక్షలు. అవి పోయాయంటే షాపు మూసుకోవాల్సిందే. అందుకే కంప్యూటర్‌ని దుప్పట్లో చుట్టి నర్సింహ ఆటోలో తెచ్చాడు గానీ, బుల్లిబాబు చేతిలో పెట్టడానికి మనసొప్పడం లేదు.

"ఇంతకుముందు గీ పని చేసినవా?" అని అడిగాడు.

"చేశానా అంటారేంటండీ. పోయిన దసరాకి మాదాపూర్‌లో మా కంపెనీలో జరిగింది చెప్తాను వినండి. పని చిన్నదేనండి, నాకు చాయ్ తాగినంత సేపు. ఆయుధపూజ కదా అని కొత్త డిస్కుకి పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, నిమ్మకాయ తిప్పి మరీ బిగించాను."

"అమ్మినాయన చెప్పిండు, డిస్కు ఎనక సూదుల మీద చిన్న నల్ల టోపీ ఉంటదంట. అది జరిపి పాతది మాస్టర్, కొత్తది స్లేవ్ అని పెట్టాల్నంట."

"స్లేవంటే బానిస కదండీ. పండగ పూట బొట్టు పెట్టి దణ్ణం పెట్టిన వస్తువుని బానిస అనడానికి నాకు నోరు రాలేదు. రెండూ మాస్టర్లే అని పెట్టేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్విచ్ వేస్తే తెర మీద పాతదీ కనపడలేదు, కొత్తదీ కనపడలేదు. సాయంత్రానికి అమెరికాకి ఫైలు వెళ్ళాలి, మా మేనేజరు కుర్చీలోంచి జారి కింద కూర్చున్నాడు. బెంగుళూరు నుంచి ఏడుగురు ఇంజనీర్లు విమానంలో దిగారు, సింగపూర్ నుంచి పదకొండు మంది, వాళ్ళకి భోజనాలు పెట్టలేక క్యాంటీన్ వాడు ఊరెళ్ళిపోయాడు. అందరూ చూసి, మా వల్ల కాదు, బుల్లిబాబు గారు లేరా అన్నారండి."

"గంత మంది దిగిర్రా?" అన్నాడు నర్సింహ.

"తక్కువ చేసి చెప్తున్నాను. నేనొచ్చి డబ్బాకి చెవి ఆనించాను. పాత డిస్కు అలిగింది, కొత్తది బెదిరింది, నాకు మాట మాట వినపడుతోంది. ఇద్దరికీ సర్దిచెప్పి వేలితో ఒక్కటి తట్టాను. అంతే, రెండూ తిరగడం మొదలెట్టాయి. అప్పటికి ప్లగ్గు పీకేసి ఉందండి, అది గమనించండి."

"కరెంటు లేకుండనా?" అన్నాడు నర్సింహ.

"నా వేలే కరెంటు. ఆ తిరుగుడికి టేబులు తిరిగింది, టేబులుతో గది తిరిగింది, గదితో ఐదంతస్తుల బిల్డింగూ సగం తిరిగిపోయింది. ఉదయం కొండాపూర్ వైపున్న గేటు మధ్యాహ్నానికి చెరువు వైపుకెళ్ళింది. వాచ్‌మన్ అన్నానికెళ్ళి వచ్చి గేటు కోసం గంట సేపు వెతికాడు పాపం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగు జీబీ డిస్కు ఆకలి మీదుంది కదండీ, చుట్టుపక్కల ఆఫీసుల ఫైళ్ళన్నీ లాగేసింది. సికింద్రాబాద్ స్టేషన్ రిజర్వేషన్లన్నీ మా తెర మీదికొచ్చాయి. ఎవరివి వాళ్ళకి పంచేసరికి ఎల్లుండి టైపు చెయ్యబోయే ఫైళ్ళు కూడా కనపడ్డం మొదలెట్టాయండి. ఇక చాల్లేమ్మా అని నేనే ఆపాను."

నర్సింహ నోరు తెరిచి వింటున్నాడు. రామచంద్రం చెయ్యి దుప్పటి మీంచి కొంచెం జరిగింది. అది చూసి బుల్లిబాబు కంప్యూటర్‌ని తన వైపుకి లాక్కున్నాడు.

సక్కుబాయి చాయ్ వడపోస్తూ తలెత్తకుండానే అంది.

"ఈ బండి పెట్టకముందు నేను ఆ ఆఫీసులనే ఊడుస్తుంటి రామచంద్రం సారూ. ఇంజనీర్లు ఎవ్వరు రాలే. డిస్కు అమ్మినోళ్ళకు ఈ సారే ఫోన్ కొట్టిండు. రెండు మాస్టర్లుంటే ఏదీ కనవడదు, కొత్తదాని టోపీ జరుపు అని ఆళ్ళు చెప్పిర్రు. ఈ సారు జరపబోయి టోపీ కింద పడేసిండు. నేను చీపురుతోని ఎతికి పట్టిన. ఫోన్ల ఆళ్ళు చెప్తుంటే నేనే పెట్టిన. రెండు డిస్కులు కనవడ్డయి. అప్పటిదాంక ఈయన దేవుని పటం ముంగట కండ్లు మూసుకొని కూసున్నడు."

బుల్లిబాబు చాయ్ గ్లాసు అందుకుని చాలాసేపు ఊదాడు.

"దేవుణ్ణి కూడా ఎవరో ఒకళ్ళు చూసుకోవాలి కదండీ," అన్నాడు చివరికి.

రామచంద్రం లేచి కంప్యూటర్‌ని దుప్పటితో సహా ఎత్తి ఆటోలో పెట్టాడు. ముందు సీట్లోకి ఎక్కబోతున్న నర్సింహని ఆగమన్నాడు.

"సక్కుబాయీ, ఆ పొయ్యి జర బుల్లిబాబుకు అప్పజెప్పి నువ్వు రా. షాపుకు పోదాం."