యోనా ఏడో అధ్యాయం

నిఘంటువు కార్యాలయంలో ప్రూఫుల ముందు అక్కాతమ్ముళ్లు ఇద్దరే ఉన్నారు. ప్రాచీన హీబ్రూ మాటలకు అర్థాలు కూర్చడం వాళ్ల పని. అక్క లేచి వెళ్లి తలుపు గడియ వేసి వచ్చింది.

“గడియెందుకక్కా?”

“నెమ్మదిగా మాట్లాడు. ఈ మాట ఎక్కణ్ణించి వచ్చిందిరా?”

“ఏ మాట?”

“ఇదిగో, చివరి అక్షరం కింద. అర్థం ‘తడిసిన ఉన్ని వాసన’ట. తల నెరిసేదాకా హీబ్రూ చదివాను, ఇలాంటి మాట నా కంట పడలేదు.”

“ఇంకా అచ్చుకి వెళ్లలేదుగా. కొట్టేద్దాం.”

“కొట్టేస్తే సరా? ఏ గ్రంథంలో ఉందని రాశారో చూడు. యోనా, ఏడో అధ్యాయం!”

“ఊఁ.”

“ఊఁ ఏంట్రా? బైబిల్లో యోనా గ్రంథానికి ఉన్నవే నాలుగు అధ్యాయాలు! పక్కన పాత నిఘంటువుల పేజీలు కూడా ఇచ్చారు. అన్నీ తీసి చూశాను, ఒక్కదాంట్లోనూ లేదు. ఇది అచ్చయితే? నమ్మి పాఠాలు చెప్పేవాళ్లుంటారు. మన పరువు మట్టిలో కలిసిపోదూ? ఆ కాగితాలకి కొట్టేది ఇటివ్వు.”

“ఏది?”

“అదేరా... టక్కుమని... పిన్నులు కొట్టేది.”

“స్టేప్లరు. ఇదిగో. కాసిని మంచినీళ్లు తాగక్కా.”

“నీళ్లు తర్వాత. ఈ భాగం చూసేది మనిద్దరమే. నిజం చెప్పు. నువ్వేనా?”

“నేనే అనుకో.”

“అనుకోవడమేంట్రా! ఇలాంటివి ఇంకా ఉన్నాయా?”

“ఉండేవి. కనపడ్డవల్లా తీసేశాను. ఇదొక్కటీ ఎలాగో తప్పించుకుంది.”

“ఉండేవా! ఎప్పట్నించి?”

“వానలు మొదలైనప్పట్నించి. ముందు కూర్చో అక్కా.”

“నాతో ఒక్క ముక్క చెప్పలేదే! నాన్నకీ ఇలాగే మొదలైంది. లేని ఊళ్లు, లేని చుట్టాలు. మనం నవ్వేవాళ్లం కూడా. తర్వాత ఒకరోజు నన్ను చూసి, ‘మీరు ఎవరి తాలూకండీ’ అన్నాడు. కన్నకూతుర్ని పట్టుకుని!”

“గుర్తుంది.”

“రేప్పొద్దున నువ్వూ నన్ను ‘అండీ’ అంటే నేను తట్టుకోలేనురా.”

“ఏడవకక్కా. నేనున్నాగా.”

“నువ్వుంటావనేగా నా ధైర్యమంతా! లే. డాక్టరు దగ్గరికి పోదాం. సాకులు చెప్పావంటే ఊరుకోను.”

“సాకులేం లేవు. సాయంత్రానికి టైం తీసుకున్నాను.”

“తీసుకున్నావా? బతికించావు. భయపడకు, లోపలికి నేనూ వస్తా. పరీక్షంటే ఏముంది, చిన్నపిల్లల్ని అడిగినట్టు నాలుగు ప్రశ్నలు అడుగుతారు, అంతే. చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంటా. సరేనా?”

“అక్కా...”

“ఏంట్రా?”

“టైం తీసుకుంది నీ పేరు మీద.”