గుర్రం పరిగెత్తనంటోంది

హలో… ఆ, నేనేరా, మీ బావనే. ఈ టైములో నీకు ఇంకెవరు చేస్తారు?

ఏంట్రా ఆ ఆయాసం? మెట్లెక్కుతున్నావా?… మరి?… సరేలే, షెడ్డులో బండ్ల పనుంటే తర్వాత చేస్తా… మాట్లాడొచ్చా? అయితే విను.

నువ్విచ్చిన ఆ గుర్రాల గేము ఉంది చూడు… దాన్ని తయారుచేసినవాడు దొరికితే నాలుగు తగిలించాలనుంది నాకు.

బాగోలేదని కాదురా… ముందు విను. కాలు విరిగి ఇంట్లో పడున్న మనిషికి కాలక్షేపమని ఏమిచ్చావు నువ్వు? కాఫీ కోసం నిప్పు రాజేసి, గిన్నె పెట్టి, కప్పులో పోసుకుని, ఊదుకుంటూ తాగే మనిషినిచ్చావు. నేను డెలివరీ బండివాణ్ణిరా! వాడా కాఫీ తాగేలోపు నాలుగు పార్సిళ్ళు ఇచ్చొచ్చేవాణ్ణి.

… నవ్వకు. ఒక సొరుగు తెరవాలి. అందులో డబ్బా తీయాలి. అటు తిప్పి ఇటు తిప్పి చూడాలి. జేబులో వేసుకోవాలి. మళ్ళీ ఇంకో సొరుగు… ఇవతల నేను కాలు కాలిన పిల్లిలా మంచానికీ కిటికీకీ మధ్య తిరగడం… ఆ, కాలు విరిగిన పిల్లే. నీ జోకులు ఆపు.

ఇవాళ పొద్దున ఏమైందో తెలుసా? కొట్టు ముందు ఒక ముసలాయన కనిపించాడు. మర్యాదగా పలకరిద్దామని నొక్కాను. మనవాడు తుపాకీ తీశాడు!… ఒట్టు. కంగారులో ఇంకోటి నొక్కా, గుర్రం ఎక్కి పారిపోతాడేమో అని. వెళ్ళి ముసలాయన మెడ పట్టుకున్నాడు. ఊరు ఊరంతా నా వెంట పడింది.

… ఆడలేక మద్దెల ఓడా? బాగుంది. పలకరింపుకీ తుపాకీకీ పక్కపక్కనే బొత్తాలు పెట్టింది వాళ్ళా, నేనా?

… ఆ… నచ్చింది. నచ్చకపోతే రోజంతా దాని ముందు ఎందుకు కూర్చుంటాను? నచ్చడమే వచ్చిన చిక్కు. నిన్న గేములో వాన పడిందిరా. కొండ మీద. గుర్రం తడిసిపోయి మెడ దులుపుకుంటోంది. నేనలా చూస్తూ ఉండిపోయాను. వానంటే నాకెప్పుడూ ఆర్డర్లు ఎక్కువ రావడమే కదా. ఊరికే పడే వానని చూసి ఎన్నేళ్ళయిందో.

రాత్రి మీ అక్క కుట్టు షాపు నుంచి వచ్చి, టీవీ వంక చూసి, "ఏంటండీ, పొద్దున నేను వెళ్ళేటప్పుడూ ఆ గుర్రాన్ని తోముతున్నారు, ఇప్పుడూ తోముతున్నారు" అంది… గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నాను. "వంటింట్లో గిన్నెలు కూడా ఉన్నాయి తోమడానికి" అనేసి లోపలికి వెళ్ళిపోయింది… తోమానురా. అవీ తోమాను.

సరే, అసలు సంగతి. సాయంత్రం ఒకసారి ఇంటికి రాగలవా? గేములో ఒక్క చోట, ఒకే ఒక్క చోట ఆడిపెట్టి వెళ్ళిపో… దొంగల గుర్రబ్బండి ఉంటుంది కదా, అది వంతెన దాటేలోపు పట్టుకోవాలి… ఆ, ఆ చెక్క వంతెనే.

… కావట్లేదు… ఎన్నిసార్లని చెప్పను? వారం నుంచి అక్కడే పడున్నా. అది దాటితేగానీ కథ ముందుకు పోదట.

… తేలికే. నీకన్నీ తేలికే.

… గుర్రానికేం, దుక్కలా ఉంది… కాదు, మొదటిది కాదు. మొదటిది పోయింది. కొత్తలో నాకేం తెలుసు, అడ్డదిడ్డంగా తోలి బండరాయికేసి కొట్టాను. ఇది రెండోది, బూడిద రంగుది. దీన్ని నడిపించే తీసుకెళ్తున్నా.

… అన్ని చోట్లకీ… అవును, ఈ ఊరి నుంచి ఆ ఊరికీ నడకే. అయితే ఏంటి? పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు.

… నేనే అంటున్నాను. ఎందుకు అనకూడదు?… సరే, ఒకప్పుడు నేను వెళ్తుంటే మీకు దుమ్మే కనిపించేది, నేను కనిపించేవాణ్ణి కాదు. అది అప్పుడు.

… ఎక్కడంటే… వంతెన ముందు మలుపు ఉంది కదా. బురద మలుపు. అక్కడికి రాగానే గుర్రం ఆగిపోతుంది.

… దానంతట అదే!… అది మొరాయిస్తుంటే నేనేం చేయను?

… ఏంటీ, గేములో గుర్రం దానంతట అది ఆగదా?

… సరే. నేనే. కళ్ళెం నేనే లాగుతున్నా. చాలా?

వద్దనుకున్నా వేలు ఆ బొత్తాం మీదికే పోతోందిరా. మలుపు కనబడగానే… అచ్చం ఆ రోజులాగే. రోడ్డు మీద నూనె. జేబులో ఫోను టింగ్ టింగ్‌మంటోంది, టైమైపోతోందని. పక్కకి జారిపోతున్నానని తెలుస్తూనే ఉంది, ఏమీ చేయలేను. బండి నా కాలు మీద… వెనక చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. నాకు అదే గుర్తుంది, ఆ తిరగడం.

… లేదు, మీ అక్కకి చెప్పలేదు. ఏమని చెప్పను? నా కోసం రెండు షిఫ్టులు కుట్టి, బస్సులో నిలబడి వచ్చే మనిషికి…

… డాక్టరా? డాక్టరు ఇంకో పదిహేను రోజులు రెస్టన్నాడు. అక్క చెప్పలేదా నీకు?

… కాంపౌండరా? ఏ కాంపౌండరు?… ఓహో. ఆయన స్కూటర్ కూడా నీ షెడ్డుకే వస్తుందా. ఈ ఊళ్ళో నీ దగ్గరికి రాని బండేదైనా ఉందా?

… అవును. సోమవారం నుంచి వెళ్ళొచ్చన్నాడు. ఎముక అతుక్కుంది, నడక బాగుంది. పదిహేను రోజుల మాట నాది. మీ అక్కకి అబద్ధం చెప్పాను.

సూపర్‌వైజరు పొద్దున్నించి ఫోన్లు. ఎత్తలేదు. సోమవారం రాకపోతే నా ఏరియా ఇంకొకరికి ఇచ్చేస్తానని మెసేజ్ పెట్టాడు. ఇచ్చేస్తాడు కూడా. వాడికేం.

కాలు బాగానే ఉందిరా. కాలికేం లేదు. నేనే బాగాలేను… భయం. ఆ, భయమేస్తోంది. బండి తలుచుకుంటేనే. నోరు తెరిచి చెప్పాను, అయిందా? ఇక షెడ్డులో అందరికీ చాటు.

… చాటవా?… మీ అక్కకి నేనే చెప్పుకోవాలా. హుఁ. గొప్ప బామ్మర్దివి దొరికావు.

… ఇప్పుడా? ఇప్పుడెందుకురా?… సరే, సరే. ఫోను స్పీకర్లో పెట్టి పక్కన పెడుతున్నా… ఆ, వినిపిస్తోంది. మొదలుపెట్టా. వాళ్ళ బండి కదిలింది… వెనకాలే ఉన్నా… అరవకు, నాకు తెలుసు… అదిగో మలుపు… వదులుగానా? వదులుగానే పట్టుకున్నా… లాగట్లేదు, లాగట్లేదురా… అయ్యో, అయ్యయ్యో…

పడిపోయింది.

బురదలో. వీడో పక్క, అదో పక్క… లేదు, లేదు, తల ఎత్తుతోంది… మందా? సంచిలో ఉండాలి… ఆగు, ఈ మహానుభావుడు సంచి తెరవడానికీ తీరికగానే తెరుస్తాడు… తీశాడు. పట్టిస్తున్నాడు. మెడ నిమురుతున్నాడు…

లేచిందిరా. లేచి నిలబడింది!

దొంగల బండా? అది ఎప్పుడో పోయింది. మళ్ళీ ప్రయత్నిస్తావా అని అడుగుతోంది టీవీలో.

… ఏం లేదురా… ఆ, ఏడుపొచ్చింది. బొమ్మ గుర్రం కోసం ఏడ్చానని రేపు అందరికీ చెప్పి నవ్వుకో.

ఎవరిదిరా ఆ హారన్?… నీ ఫోన్లోంచా, కింద నుంచా? రెండు చోట్లా వినిపిస్తోంది… ఉండు. ఆ బొంగురు గొంతు నాకు తెలుసు. అది నా బండి.

నువ్వెక్కడున్నావ్?… గేటు దగ్గరా? ఆగు, కిటికీ దాకా రానీ… ఆ, కనిపించావ్. చొక్కా అంతా తడిసిపోయింది కదరా… తోసుకుంటూ వచ్చావా? షెడ్డు నుంచి ఇక్కడిదాకా? బాగుచేసింది నువ్వే కదా, ఎక్కి రావచ్చు కదా!

… మొదట నేనే ఎక్కాలనా?…

… ఏమనమంటావు ఇప్పుడు నన్ను?

… ఎక్కుతానని అనట్లేదు. ఇవాళ ఎక్కను. నడిపించుకెళ్దాం, ఇద్దరం. వీధి చివర మలుపు తిరిగి వెనక్కి, అంతే. తొందరేం లేదు… సోమవారం సంగతి సోమవారం. మీ అక్క రానీ, ముందు ఆవిడతో మాట్లాడాలి.

… గేమా? అడుగుతూనే ఉంది పాపం. అడగనీ. దిగుతున్నా, చెప్పులేవీ… ఒరేయ్, ఒరేయ్, ఆగు. స్టాండు తీయకు.

నేను తీస్తా.