మీ బావ పెట్టిన కొత్త యాప్

మధ్యాహ్నం. పాత బట్టలు సరిచేసే చిన్న దుకాణం. మిషను ముందు అక్క. ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు మీద, అప్పుడే బస్సు దిగి వచ్చిన చెల్లెలు.

“చెప్పా పెట్టకుండా ఇలా ఊడిపడితే ఎలాగే? అన్నం కూడా ఒక్కదానికే తెచ్చుకున్నాను.”

“దార్లో తిన్నాలే అక్కా. నువ్వెలా ఉన్నావు?”

“ఎలా ఉంటాను? కనిపిస్తూనే ఉన్నానుగా. వచ్చినప్పట్నించీ అడగడం ఇది మూడోసారి.”

“కాస్త నీరసంగా ఉన్నావేమోనని.”

“నీరసమా? పొద్దుట్నించి ప్యాంట్లకి కాళ్ళు మడుస్తూనే ఉన్నాను. ఒక చొక్కా చింపి, కుట్టి, ఊరందరికీ చూపించుకోవడం కాదుగా నా పని.”

“డాక్టరు దగ్గరికి ఏమైనా వెళ్ళావా ఈమధ్య?”

“ఎందుకెళ్తాను? ఏంటే ఆ చూపు? నన్ను చూడ్డానికొచ్చావా, పరీక్ష చెయ్యడానికొచ్చావా?”

“ఊరికే అడిగాను. సరే, అది వదిలెయ్. నా కొత్త వీడియో చూశావా? అరిగిపోయిన కాలరు తిరగేసి కుట్టేది.”

“నాకెక్కడ తీరిక? నేను చూడను.”

“అస్సలా?”

“అస్సలు. అయినా పాత కుట్టు విప్పాక కాలరుని ఇస్త్రీ చెయ్యాలి గానీ, తడిపి ఆరబెడతారటే ఎవరైనా?”

“చూడలేదన్నావు?”

“మీ బావ చూస్తుంటే చెవిన పడింది.”

“తడపడం చెవిన పడిందా? నేను నోటితో చెప్పలేదక్కా అది. చేసి చూపించానంతే.”

“అబ్బ, ఒక కన్ను పడిందిలే! భోంచేస్తూ ఎదురుగా పెట్టుకుంటారాయన. ‘మీ చెల్లెలికి ఎంత ఓపికో, ఎంత నిదానంగా చెప్తుందో’ అంటూ. ఆ వంట నేను చేసింది. ఆ చొక్కాకి గుండీ నేను కుట్టింది. నా ఓపిక మాత్రం ఆయనకి కనపడదు. దాని చుట్టూ లైట్లు పెట్టలేదుగా.”

“బావ మాటలు పట్టించుకోకక్కా.”

“నీకేం, హాయిగా అనేస్తావు. ఈ మిషను మీదే కదా నేర్చుకున్నావు? సూదిలో దారం ఎక్కించమంటే ఏడ్చినదానివి. పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని నేర్పాను. ఇప్పుడు నువ్వు చెప్తే పాఠం, నేను చెప్తే సణుగుడు.”

“అలా ఎవరన్నారు?”

“ఎవరూ అనక్కర్లేదు. ఎవరో వస్తున్నారు, కాస్త పక్కకి జరుగు.”

“అమ్మా, నా ప్యాంటు అయిందా? అన్నట్టు… ఏవండీ, మీరు… మీరు వీడియోల్లో ఆవిడ కదూ!”

“అవునండీ.”

“అయ్యబాబోయ్! మా ఆవిడ పొద్దస్తమానం మిమ్మల్నే చూస్తుందండీ. ‘ముందు కన్ను, తరవాత కత్తెర’ అంటారు చూడండి, అది మా ఇంట్లో అందరికీ నోటికొచ్చేసింది. ఒక్క ఫోటో దిగొచ్చా? అమ్మా, మీరు కాస్త తీసిపెట్టండి. ఇదిగో ఫోను.”

“చేతిలో సూది ఉందండీ.”

“ఒక్క క్షణం అమ్మా.”

“అక్కని కూడా రానివ్వండి. నాకు నేర్పింది ఆవిడే.”

“ఆహా! మీరు ఈవిడకి అక్కా? ముందే చెప్పొద్దూ! ఇన్నేళ్ళుగా వస్తున్నాను, మామూలు టైలరే అనుకున్నాను.”

“మామూలు టైలర్నే. ఇదిగోండి మీ ప్యాంటు. అటు నిలబడి నవ్వండి, తీస్తాను. ఊఁ. అయింది.”

“చాలా థాంక్సమ్మా. మా ఆవిడకి చూపించాలి, వస్తాను. ఇంతకాలం తెలీనేలేదు చూడండి, ఇంత గొప్పావిడకి మీరు అక్కని!”

“వెళ్ళాడా?”

“వెళ్ళాడు. అక్కా, ఆయన ఫోన్లో చూశాను. ఫోటోలో నాకు సగం తల లేదు.”

“చెయ్యి వణికింది.”

“వణుకుతోందా? ఎప్పట్నించి? ఏదీ, చెయ్యి చాపు.”

“మాటవరసకి అన్నానే తల్లీ! వదులు. ఏమైంది నీకివాళ? విన్నావుగా, ‘ఇంత గొప్పావిడకి అక్క’ట. రేపట్నించి ఈ వీధిలో నేను టైలర్ని కాదు, వీడియోలావిడ అక్కని. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. ఒక్క మాటతో ఊదేశావు.”

“మంచికే చెప్పానక్కా.”

“ముందు కన్ను, తరవాత కత్తెర. ఎవరి మాటే అది?”

“నీ మాటే.”

“మరి నీది అనుకుంటున్నాడే ఆయన?”

“మా అక్క మాట అని ప్రతి వీడియో మొదట్లో చెప్తాను. నువ్వు వినలేదా?”

“మొదట్లో నీ ముచ్చట్లు ఎవరు వింటారు? ఇంట్లో కంప్యూటర్లో బ్రౌజరుకి మీ బావ ఏదో తగిలించారు. అసలు పని మొదలయ్యేదాకా ఉన్న సోదంతా దానంతటదే దాటేసి ముందుకి గెంతుతుంది. ప్రకటనలు కూడా రావు.”

“ఓహో. నన్ను సోదిలో కలిపేశారన్నమాట.”

“ఫోన్లోది ఇంకా బాగుంటుంది. అందరూ వాడేది కాదు, వేరే యాపు. ఒక్క ప్రకటన రాదు. తెర ఆపేసినా మాట వినిపిస్తూనే ఉంటుంది. పక్కన పడేసి మిషను తొక్కుకోవచ్చు. ఖాతా తెరవక్కర్లేదు, ఏం చూశావో ఎవరికీ తెలీదు. పైగా దాన్లో చూస్తే వీడియో పెట్టినవాళ్ళకి ఒక్క పైసా పోదట.”

“అంటే నువ్వు నా వీడియో చూసినా నాకేం రాదు.”

“చూస్తే. చూస్తే అంటున్నాను.”

“ఇది చెప్తుంటే నీ మొహం వెలిగిపోతోందక్కా.”

“వెలగదూ మరి? ఈ ఇంట్లో నీకు పోనిది అదొక్కటే. మీ బావ మెప్పు నీకే, గిరాకీల మెప్పు నీకే. చివరికి నా మాట కూడా నీ నోట్లోంచి వస్తేనే జనానికి ముద్దు.”

“బావ ఎప్పుడు పెట్టారు ఈ యాపు?”

“రెండు వారాలైంది. ఏం?”

“రెండు వారాలా? నిజంగా?”

“అబద్ధం చెప్పడానికి అదేమైనా వయసా? ఎందుకలా కళ్ళు పెద్దవి చేస్తావు?”

“ఏదీ, నీ ఫోన్ ఇలా ఇవ్వు. ఇదేనా? అక్కా, దీన్లో వీడియో కింద బొటనవేళ్ళు పనిచేస్తాయా? నచ్చితే పైకి, నచ్చకపోతే కిందికి నొక్కుతాం చూడు, అవి.”

“ఎక్కడా? ఖాతా లేకుండా నడిచేదాన్లో అవెలా పనిచేస్తాయి? ఎంత నొక్కినా కదలదు.”

“నొక్కి చూశావా?”

“వేలు తగిలింది.”

“ఎంత నొక్కినా అన్నావు.”

“రెండు మూడు సార్లు తగిలింది. ఏంటే ఆ నవ్వు? ఇదిగో, నవ్వుతూ ఏడుస్తావేంటి? నాకు భయమేస్తోంది.”

“ఏం లేదక్కా. హమ్మయ్య. నీ యాపు చల్లగుండ!”

“దేనికే హమ్మయ్య?”

“నేను మధ్యాహ్నం పూట వీడియో పెడతానా. పెట్టీ పెట్టగానే ఒక కింది బొటనవేలు పడుతుంది. ఇంకెవరూ మెచ్చుకోకముందే, ఎవరూ తిట్టకముందే. ఎప్పుడూ అదే మొదటిది.”

“అది ఇప్పుడు ఎవరికీ కనపడదుగా! ఆ అంకె తీసేశారుగా!”

“చూసేవాళ్ళకి కనపడకుండా తీసేశారు. పెట్టినవాళ్ళకి కనపడుతుంది.”

“పేర్లు కూడానా?”

“పేర్లు కనపడవు. ఎన్ని పడ్డాయో అదే.”

“అదీ! ఎవరో పనీపాటా లేనివాళ్ళు. కుళ్ళుబోతులకి కొదవా ఈ లోకంలో? నువ్వు మనసులో పెట్టుకోకు.”

“నేనూ అలాగే అనుకున్నాను. ఎవరో పగబట్టారని మొదట్లో నిద్ర కూడా పట్టేది కాదు. ఆ తరవాత నీకు కడుపులో రాళ్ళకి ఆపరేషనయింది చూడు…”

“దాని సంగతి ఇప్పుడెందుకు?”

“నువ్వు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఒక్క వీడియోకీ అది పడలేదు. ఇంటికొచ్చి పడుకున్న మధ్యాహ్నం, ఆ మిగిలిపోయిన వీడియోలన్నిటికీ వరసపెట్టి పడ్డాయి.”

“అప్పట్నించీ తెలుసా నీకు?”

“తెలుసు.”

“మరి అడగలేదేమే? ఫోన్లో నన్ను ఏకిపారెయ్యాల్సింది. నేనైతే ఊరుకునేదాన్నా? నా బుద్ధి ఇంతేనని మీ బావతో చెప్పుకుని నవ్వుకున్నారా ఇద్దరూ?”

“బావకి తెలీదు. ఎవరికీ తెలీదు. అడిగితే మానేస్తావుగా.”

“మానేస్తే నీకు మంచిదేగా!”

“ఏం మంచి? అది పడిందంటే అక్క భోజనం చేసింది, కుదురుగా కూర్చుని నన్ను తిట్టుకుంటోంది, ఒంట్లో బాగానే ఉంది అని నాకు తెలిసేది. అప్పుడు లేచి నేనూ అన్నం పెట్టుకునేదాన్ని. రెండు వారాల నించి అది లేదు. ఫోన్ చేస్తే బాగున్నానంటావు, ఆపరేషన్‌కి వెళ్ళే ముందురోజు కూడా నువ్వు బాగున్నాననే అన్నావు. ఇక ఉండబట్టలేక బస్సెక్కానక్కా.”